బాక్స్ బయటి పిల్ల

నాకు జ్ఞాపకశక్తి ఎక్కువని మా స్టాఫ్‌రూంలో అందరూ ఒప్పుకుంటారు. పొగడ్తగా మాత్రం కాదు. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో, ఆ రోజు వాళ్లు ఏ రంగు చొక్కా వేసుకున్నారో కూడా నేను చెప్పగలను. ఒకసారి మహబూబాబాద్‌లో ఆడడానికి వెళ్తే మా పిల్లలకు అన్నం, చారు పెట్టి, అక్కడి జట్టుకు కోడిగుడ్డు కూర వడ్డించారు. ఆ జట్టు కోచ్ సార్ నాకు ఎదురుపడ్డ ప్రతిసారీ ఆ సంగతి ఎత్తుతాను. "మేడం, గది అయిపోయి నాలుగేండ్లాయె. ఇంకెన్ని రోజులు?" అంటాడాయన. ఆయనకు అయిపోయింది. తినని వాళ్లం మేము.

ఇవన్నీ చిన్నవి. పెద్దది ఒకటుంది, అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జనగామలో బాస్కెట్‌బాల్ సెలక్షన్లు జరిగాయి. మా ఊరి నుంచి మేం ముగ్గురు అమ్మాయిలం వెళ్లాం. సెలక్షన్ చేసే సార్ లేత నీలం చొక్కా వేసుకున్నాడు. ఇటుక ముక్కతో బడి గోడ మీద అడ్డంగా ఒక గీత గీశాడు. ఒక్కొక్కరం వెళ్లి ఆ గోడకు వీపు ఆనించి నిలబడాలి. తల గీతను దాటితే కుడివైపు, దాటకపోతే ఎడమవైపు. నా తల నాలుగు వేళ్లు తక్కువైంది. బంతిని ముట్టుకోకముందే ఎడమవైపుకు పంపించారు. "నువ్వు ఖోఖో ఆడుకో బిడ్డా. గిది పొడుగోళ్ల ఆట," అన్నాడు సార్. నవ్వుతూ అన్నాడు. తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో. బంతి చేతికిచ్చి, పది నిమిషాలు ఆడించి, నీకు రాదు పొమ్మంటే ఒప్పుకునేదాన్ని. ఆడనివ్వకుండా రాదనడం నాకు ఇప్పటికీ సహించదు.

చెప్పినట్టే ఖోఖో ఆడాను. బాగానే ఆడాను. దాని మీదే చదువు, దాని మీదే ఉద్యోగం. ఇప్పుడు తరిగొప్పుల దగ్గర ఒక ప్రభుత్వ బడిలో వ్యాయామం నేర్పుతాను. బడిలో నన్ను డ్రిల్ టీచర్ అంటారు. గంట సరిగ్గా మోగకపోయినా, భోజనాల వరుస చెడినా, పిల్లలెవరైనా గోడ దూకినా నన్నే పిలుస్తారు. ఆ బడిలో ఎవరో ఎప్పుడో పాతించిన రెండు ఇనుప స్తంభాలు, వాటికి రెండు రింగులు ఉన్నాయి. నేను చేరిననాటికి ఒకదానికి బట్టలు ఆరేసుకునే తీగ కట్టి ఉంది. తీగ విప్పించడానికి మూడు అర్జీలు రాశాను. మూడోదానికి విప్పారు.

బాక్స్ సంగతి నాకు ఒక శిక్షణ శిబిరంలో తెలిసింది. నేర్పించే ఆయన కోస్తా వైపు మనిషి. నేను లేచి, "సార్, గిట్ల నిలబడాల్నా?" అని అడిగితే, ఆయన ఆ 'గిట్ల'ను పట్టుకుని, గొంతు మార్చి, అందరికీ రెండుసార్లు వినిపించాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వూ గుర్తుంది, ఆయన చెప్పిన బాక్సూ గుర్తుంది. రెండోది పనికొచ్చింది.

బాక్స్ అంటే ఇంతే. బంతి మన చేతిలో ఉన్నప్పుడు నలుగురు ఆటగాళ్లు చతురస్రంలా నిలబడతారు. ఇద్దరు రింగు కింద చెరో పక్క. ఇద్దరు కాస్త పైన, రింగుకు ఎదురుగా ఉండే ఫ్రీ త్రో గీత రెండు చివర్లలో. ఐదో ఆటగత్తె బాక్స్ బయట, వీళ్లకు ఎదురుగా, బంతితో నిలబడుతుంది. చూసేవాళ్లకు నలుగురూ ఊరికే నిలబడ్డట్టే ఉంటుంది. ఐదో అమ్మాయి ఒక పిలుపు ఇస్తుంది. అప్పుడు నలుగురూ ఒక్కసారి కదులుతారు. ఒకరు వెళ్లి ఎదుటి జట్టు పిల్ల దారికి అడ్డంగా నిలబడితే, ఆ చాటున ఇంకొకరు ఖాళీలోకి వస్తారు. బంతి అక్కడికి వెళ్తుంది. అదే నలుగురు, అవే నాలుగు చోట్లు, కానీ పిలుపును బట్టి ఆట మారిపోతుంది. ఎత్తు తక్కువ జట్టుకు దీనికన్నా మంచిది లేదు. పొడుగువాళ్ల నెత్తి మీంచి ఎగరక్కర్లేదు, వాళ్లను ఉండాల్సిన చోట లేకుండా చేస్తే చాలు.

దీన్లో కష్టం పరుగు కాదు, ఆగడం. వేరే బడుల పిల్లలు ఆగలేరు. బంతి కనబడగానే దాని వెంట పడతారు. మా పిల్లలు ఆగగలరు, ఎందుకంటే వాళ్లు ఖోఖో పిల్లలు. ఖోఖోలో వరుసగా కూర్చున్నప్పుడు వెనక నుంచి వీపు తట్టి 'ఖో' అనేదాకా లేవకూడదు. పక్కనుంచి ఎదుటి ఆటగత్తె చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా పరిగెత్తినా లేవకూడదు. రెండో తరగతి నుంచి అలా కూర్చున్న పిల్లలు వీళ్లు. నేను సున్నంతో నేల మీద నాలుగు చుక్కలు పెట్టి, "పిలుపు వచ్చేదాక ఖోఖోలో కూసున్నట్టే," అన్నాను. మొదటి రోజే కుదిరింది. ఖోఖో ఆడుకొమ్మన్న ఆ నీలం చొక్కా సార్‌కు తెలియకుండా ఆయన నాకు చేసిన ఉపకారం ఇదొక్కటే. దానికి ఆయనకు నేను కృతజ్ఞతేమీ చెప్పను.

పిలుపు ఇచ్చే ఐదో పిల్ల గురించే ఈ రాత.

ఆమె తరిగొప్పుల అవతల తండా నుంచి వచ్చేది. పదో తరగతి. ప్రార్థనలో పొట్టి పిల్లలను ముందు నిలబెడతారు కదా, ఆరో తరగతి పిల్లల పక్కన కూడా ఆమెను ముందు వరుసలోనే నిలబెట్టొచ్చు. బంతి పట్టుకుంటే మాత్రం ఆమె చూసేది బంతిని కాదు, మనుషుల్ని. ఎవరు అలసిపోయారు, ఎవరు కోపంగా ఉన్నారు, ఎవరి కాలి పట్టీ బిగుసుకుంది, అన్నీ చూసేది. మాట్లాడేది తక్కువ. మాట్లాడితే ఎదురు మాట్లాడేది. నాకు నచ్చింది.

ఆ యేడు చలికాలం మొదట్లో వాళ్లమ్మ బడికి వచ్చింది. ఆమె కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది.

"మేడం, పదోది కాంగనె పిల్లను హైదరాబాద్ తోలుకపోతం. నేను, మా ఆయిన సెంట్రింగు పనికి పోతె చిన్నోళ్లను చూసేటోళ్లు లేరు."

"హాస్టల్ల సీటు వస్తె?"

"మీరు చెప్పిన ఆటల హాస్టలేనా? తిండి, చదువు వాళ్లే చూసుకుంటరా?"

"అన్ని వాళ్లే చూసుకుంటరు."

"అయితె పంపుత. రాకుంటె మల్ల నన్ను అడగొద్దు మేడం. మీరు అడిగితె నేను కాదనలేను, అందుకనే ముందుగాలనే చెప్తున్న."

ఆటల హాస్టల్‌లో సీటు రావాలంటే రాష్ట్ర పోటీల్లో ఆడిన సర్టిఫికెట్ ఉండాలి. రాష్ట్ర పోటీలకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల నుంచి కలిపి ఒకే జట్టును ఎంచుతారు. పన్నెండు మంది. పదో తరగతి పిల్లకు అదే ఆఖరి అవకాశం. భూపాలపల్లిలో జరిగే పోటీల్లో ఆమె పేరు ఆ పన్నెండులో ఉంటే హాస్టల్, లేకపోతే హైదరాబాద్. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. దాని గురించి మేం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

మా ఆటలు మూడు. మొదట్లో ఒకటి, రెండు, మూడు అని పిలిచేవాళ్లం. జనగామలో ఒక మ్యాచ్‌లో ఎదుటి జట్టు టీచరు గీత పక్కన నిలబడి, "రెండు అంటె కింది పిల్ల బయటికొస్తది, ఉరుకున్రి!" అని అరవడం మొదలుపెట్టింది. ఆమె పసుపు చీర కట్టుకుంది. ఓడిపోయి వచ్చిన మర్నాడే నేను పిల్లలను కూర్చోబెట్టి, పిలుపులను వాళ్ల ఇంటి భాషలోకి మార్చాను. ఐదుగురిలో నలుగురు తండా పిల్లలు. మిగిలిన ఒక్క అమ్మాయీ వాళ్లతో పాటే పెరిగింది. 'బాటి' అంటే రొట్టె. ఆ పిలుపుకు పైనున్న ఇద్దరూ కిందికి దిగి అడ్డు నిలబడతారు, కింది ఇద్దరూ వాళ్ల చాటున చెరో పక్కకు బయటికొస్తారు. 'పాణి' అంటే నీళ్లు. రింగు కింద ఉన్న ఒక పిల్ల రెండో పిల్లను కాసేదానికి అడ్డు నిలబడుతుంది, ఆ రెండో పిల్ల ఇవతలికి దాటుతుంది. 'యాడి' అంటే అమ్మ. ఐదో పిల్ల బంతిని పైన ఉన్న పొడుగు పిల్లకు ఇచ్చి, ఆమెను ఒరుసుకుంటూ నేరుగా రింగు కిందికి పరిగెత్తి, బంతిని తిరిగి అందుకుంటుంది. కింది ఇద్దరూ పక్కలకు తప్పుకుని ఆమెకు దారి ఇస్తారు. ఈ మూడో ఆట నేను ఆ పొట్టి పిల్ల కోసమే నేర్పాను.

ఆ తర్వాత జనగామలో మమ్మల్ని ఎవరూ ఓడించలేదు. 'బాటి' అని వినబడితే ఎదుటి పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. పసుపు చీర టీచరు, "ఏందమ్మా ఆ మాటలు? గిది ఆటనా, మంత్రమా?" అంది. నా జీవితంలో నేను సంతోషంగా గుర్తుంచుకున్న మాటల్లో అదొకటి.

భూపాలపల్లికి రెండు బస్సులు మారి వెళ్లాం. బొగ్గుగని కాలనీలో సిమెంటు కోర్టు. మా మట్టి కోర్టుకు అలవాటుపడ్డ పిల్లలకు బంతి మోకాలి దగ్గరికి కాదు, నడుం దాకా లేచింది. గంట ఆడితే అరచేతులు నల్లబడుతున్నాయి. సెలక్షన్ కమిటీ టేబుల్ వెనక మధ్య కుర్చీలో ఉన్న పెద్దాయనను చూడగానే గుర్తుపట్టాను. జుట్టు తెల్లబడింది, చొక్కా కూడా ఈసారి తెల్లదే. ఇటుక ముక్క మాత్రం లేదు, ఎత్తు కొలిచే టేపు తెచ్చుకున్నాడు. నమస్కారం పెట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. గీత గీసినవాడికి ఎడమవైపు పోయినవాళ్ల ముఖాలు ఎందుకు గుర్తుంటాయి?

మొదటి మూడు మ్యాచ్‌లూ గెలిచాం. ఫైనల్లో మా ఎదుట మహబూబాబాద్ జట్టు. కోడిగుడ్డు కూర సార్ జట్టే.

ఆట మొదలైంది. మా పిల్ల బంతిని తీసుకొచ్చి, బాక్స్ ఎదుట ఆగి, "బాటి!" అని పిలిచింది. మా వాళ్లు కదిలేలోపే ఎదుటి పిల్లలు ఇద్దరు బయటికొచ్చి, బంతి రావలసిన చోట నిలబడ్డారు. తర్వాతిసారి "పాణి!" అంది. వాళ్లు రింగు కింద దారి మూసేశారు. నాలుగుసార్లు పిలిచింది, నాలుగుసార్లూ అంతే. వాళ్ల కెప్టెన్ నవ్వుతూ మా పిల్ల కంటే గట్టిగా "బాటి, బాటి!" అని తన వాళ్లకు అందిస్తోంది. మొదటి భాగం ముగిసేలోపే తొమ్మిది పాయింట్లు వెనకబడ్డాం.

నేను లేచి స్కోరు టేబుల్ దగ్గరికి వెళ్లాను. "మా ప్రాక్టీస్‌ను ఎవలో చూసి చెప్పిన్రు. నా ఫిర్యాదు రాసుకోండి."

రెఫరీ నీళ్లు తాగుతున్నాడు. "చూస్తె చూసిన్రు. చూడొద్దని రూలేమన్న ఉందా మేడం?"

"రూలు లేకపోతె పద్ధతి ఉండదా?"

"టైం అవుట్ కావాల్నా, ఒద్దా? గదొక్కటి చెప్పున్రి."

టైం అవుట్ తీసుకున్నాను. పిల్లలు చుట్టూ చేరారు. ఎవరు గూఢచారో కనుక్కునే పని మొదలుపెట్టేలోపే మా పొట్టి పిల్ల నోరు తెరిచింది.

"ప్రాక్టీస్ ఎవలు చూడలే మేడం. ఇంటున్నరు."

"ఏమింటున్నరు?"

"మా మాట. వాళ్లు గూడ తండా పిల్లలే. అందరిది మరిపెడ దిక్కు. మన మూడు మ్యాచ్‌లు పక్కన కూసోని ఇన్నరు, ఏ పిలుపుకు ఏ ఆటో పట్టుకున్నరు."

నేను తిరిగి చూశాను. అవతల వాళ్ల కెప్టెన్ నీళ్ల సీసా పట్టుకుని పక్క పిల్లతో ఏదో అంటోంది. నాకు అర్థంకాని మాటలు. మా పిల్లలకు అర్థమై ముఖాలు మాడ్చుకున్నారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న బస్సు దిగినప్పుడే. గా పిల్ల వాళ్ల యాడితోని ఫోన్ల మాట్లాడుతుంటె ఇన్న."

"రెండు దినాలసంది తెలిసి నాకెందుకు చెప్పలే?"

రింగు కింద నిలబడే పిల్ల, కాస్త నోరున్న పిల్ల, ఆమె బదులు జవాబిచ్చింది. "పేర్లు పెట్టింది మీరే గదా మేడం. తప్పంటె మీరు యాదికుంచుకుంటరు."

మిగతా ముగ్గురూ ముఖాలు తిప్పుకుని నవ్వారు. నేను నవ్వలేదు. కాదనలేదు కూడా. నేను గుర్తుంచుకునేదాన్నే. కానీ తప్పు నాది. మహబూబాబాద్ చుట్టూ ఎన్ని తండాలున్నాయో నాకు తెలియదా? ఆ ఊళ్లకు ఎన్నిసార్లు వెళ్లలేదు? ఆ భాష నా ఐదుగురు పిల్లల మధ్య ఉండే రహస్యమని, దాన్ని తాళంలా వాడుకోవచ్చని అనుకున్నాను. అది ఎన్నో ఇళ్లలో ఉదయం లేవగానే మాట్లాడుకునే భాష అని ఆలోచించలేదు. ఇతరులు మమ్మల్ని చూడనే లేదని ఇన్నేళ్లు ఫిర్యాదు చేసినదాన్ని, నేనూ చూడలేదు.

"పిలుపు లేకుంటనే ఆడున్రి," అన్నాను.

"కాదు మేడం," అంది మా పిల్ల. "పిలుపు లేకుంటె వీళ్లు లెవ్వరు. మీరే గట్ల నేర్పిన్రు." తర్వాత నలుగురి వైపు తిరిగింది. "ఇగ ఇనున్రి. నేను బాటి అంటె పాణి ఆడాలె. పాణి అంటె యాడి. యాడి అంటె బాటి. సమజైందా?"

"బాటి అంటె?"

"పాణి."

"యాడి అంటె?"

"బాటి. ఓ అక్కా, నువ్వు ఒక్కదానివే మర్చిపోతవ్. నీకు తెల్వకుంటె పక్కపిల్లను చూడు."

ఆ అక్క మరిచిపోయింది. మొదటిసారే తప్పు వైపు పరిగెత్తి, సొంత జట్టు పిల్లను ఢీకొట్టి, ఇద్దరూ సిమెంటు మీద పడ్డారు. వాళ్ల కెప్టెన్ పొట్ట పట్టుకుని నవ్వింది. రెండోసారి "బాటి" అన్నప్పుడు వాళ్లు పక్కలకు పరిగెత్తారు, మా కింది పిల్ల రింగు దగ్గర ఒక్కతే నిలబడి బంతి వేసింది. ఆ తర్వాత ఆట మాదైంది. వాళ్లు చెవులతో ఆడుతున్నారు, మేం చెవులతోనే వాళ్లను అటూ ఇటూ తిప్పాం. మూడో భాగం ముగిసేసరికి తేడా మూడు పాయింట్లే.

మహబూబాబాద్ సార్ మామూలు మనిషి కాదు. కూర విషయంలో ఆయన మీద నాకున్న కోపం వేరు, ఆటలో ఆయనకున్న తెలివి వేరు. ఆఖరి భాగం సగంలో కనిపెట్టేశాడు. "తిప్పి పిలుస్తున్నరు! బాటి అంటె నీళ్లు, నీళ్లంటె అమ్మ! ఉల్టా ఇనున్రి!" అని అరిచాడు. మళ్లీ దారులు మూసుకుపోయాయి. మేం కింద మీద పడి పాయింటు పాయింటూ తెచ్చుకున్నాం.

ఆఖరికి మేం ఒక్క పాయింటు వెనక. పద్నాలుగు సెకన్లు. బంతి మాది.

కమిటీ టేబుల్ దగ్గర పెద్దసార్ పెన్ను మూత తీసి ఎదురుచూస్తున్నాడు. ఆఖరి బంతి ఎవరు వేస్తే వాళ్ల నంబరు రాసుకుంటారని అక్కడున్న ప్రతి టీచరుకూ తెలుసు. "నువ్వే వెయ్," అని అరిచాను. ఎందుకన్నానో ఆమెకు తెలుసు.

ఆమె బంతిని తీసుకొచ్చింది. నలుగురూ తమ చోట్లలో నిలబడ్డారు. పిలుపు కోసం చూస్తున్నారు. ఎదుటి జట్టు కూడా పిలుపు కోసమే చూస్తోంది. ఆమె నోరు విప్పలేదు. ఒక సెకను, రెండు సెకన్లు. మా వాళ్లు కదల్లేదు. అప్పుడు ఆమె బంతిని నేరుగా పైనున్న పొడుగు పిల్ల రొమ్ము మీదికి విసిరి, ఆమెను ఒరుసుకుంటూ కిందికి పరిగెత్తింది. బంతి తగలగానే ఆ పిల్లకు అర్థమైంది, ఇది యాడి. తిరిగి అందించింది. రింగు కింద మా పిల్ల బంతి పట్టుకునేసరికి ఎదుటి జట్టు వాళ్లు ఇద్దరు మీద పడ్డారు. ఇద్దరూ ఆమె కంటే తలకాయంత ఎత్తు.

ఆ ఆటలో కింది పిల్లలు పక్కలకు తప్పుకోవాలి. ఎడమ పక్క పిల్ల, అదే మరిచిపోయే అక్క, తప్పుకోలేదు. ఎవరూ పిలవలేదు కనుక ఖోఖోలో కూర్చున్నట్టు ఉన్నచోటే ఉండిపోయింది. అది తప్పు. ఆ తప్పు ఎక్కడ నిలబడి ఉంటుందో మా పొట్టి పిల్లకు తెలుసు. అటు చూడకుండానే, ఇద్దరి కాళ్ల సందులోంచి బంతిని నేలకు కొట్టి ఆమెకు పంపింది. ఆ అక్క ఖాళీగా నిలబడి, రింగు వెనక పలక మీదికి మెల్లగా వేసింది. బంతి పడింది. గంట మోగింది.

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. నేను టేబుల్ వైపు చూశాను. పెద్దసార్ మరిచిపోయే అక్క నంబరు రాసుకున్నాడు.

భోజనాలకు ముందు జాబితా చదివారు. మా జట్టు నుంచి ఇద్దరు. పైన నిలబడే పొడుగు పిల్ల, ఆఖరి బంతి వేసిన అక్క. పన్నెండు పేర్లూ చదివి కాగితం మడిచారు. మా పిల్ల నా పక్కనే నిలబడి వింది. వంగి బూటు లేసు విప్పడం మొదలుపెట్టింది. ఆట అయిపోయిందన్నట్టు విప్పింది.

"విప్పకు," అని టేబుల్ దగ్గరికి వెళ్లాను.

"సార్, ఆఖరి బంతి ఎవలిచ్చిన్రు?"

"ఆ పొట్టి పిల్లనే. మంచిగ ఆడింది. కానీ ఎత్తు చూడున్రి మేడం. పాయింట్లెన్ని? ఆరు."

"మిగతావాళ్ల పాయింట్లు ఎవల చేతులకెల్లి వచ్చినయ్?"

"బంతి అందరిస్తరు మేడం."

"మీరు జనగామల గోడకు ఇటుక ముక్కతోని గీత గీసిన్రు. యాదికుందా? నేను తొమ్మిదో తరగతి. నన్ను ఖోఖో ఆడుకొమ్మన్నరు."

ఆయన నన్ను పరిశీలనగా చూశాడు. "గదెప్పటి ముచ్చట? నాకు యాదికి లేదు."

"నాకుంది. గా రోజు బంతి ముట్టనియ్యలే. ఇయ్యాల ఈ పిల్ల బంతి ముట్టింది, మీ ముందటనే ఆడింది, గెలిపిచ్చింది. ఇంకేం కావాలె మీకు?"

పక్క కుర్చీలవాళ్లు తినడానికి లేవబోయి మళ్లీ కూర్చున్నారు. పెద్దసార్‌కు కోపం వచ్చింది, కానీ అరవలేదు. "మేడం, మీ పిల్లలు ఏండ్లసంది కలిసి ఆడుతున్నరు. ఆమె కన్ను తిప్పితె వాళ్లకు తెలుస్తది. రాష్ట్రంల గా నలుగురిల ఇద్దరే ఉంటరు. కొత్తోళ్లతోని గిట్ల ఆడిపిస్తదా? చూపియ్యమనున్రి, రాస్త."

పన్నెండు మందిలో ఏ పిల్లకూ పెట్టని పరీక్ష ఈమెకెందుకు పెడుతున్నారని అడగబోయాను. నాకు ఆ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు రావలసి ఉంది. నా వెనక నుంచి, "ఆడిపిస్త సార్," అని వినబడింది. ఆమె లేసు కట్టుకుని నిలబడి ఉంది.

అన్నాల దగ్గర కూర్చున్న తన ఇద్దరు పిల్లల్ని మహబూబాబాద్ సార్ స్వయంగా లేపుకొచ్చాడు. "అన్నం సల్లారితె సల్లారనీ, లేవున్రి. గిసొంటిది మల్ల చూడం," అన్నాడు. ఆ పని ఆయన చేయనక్కర్లేదు, చేశాడు. అది కూడా గుర్తుంచుకున్నాను. కూర సంగతి అలాగే ఉంది.

ఆ ఇద్దరూ, టేకుమట్ల నుంచి వచ్చిన బాగా పొడుగు పిల్లా, కాలనీ బడికి చెందిన ముస్లిం అమ్మాయీ మా పిల్ల జట్టు. జాబితాలోని ఇంకో ఐదుగురు ఎదుట. మా పిల్ల నలుగురినీ భుజాలు పట్టుకుని చోట్లలో నిలబెట్టింది. భాష గోల లేకుండా, మొదటి ఆటకు చెయ్యి పైకి, రెండో ఆటకు చెయ్యి పక్కకు అని చూపించింది.

మొదటిసారి పాడైంది. టేకుమట్ల పిల్ల చెయ్యి లేవకముందే రింగు కిందికి వెళ్లిపోయింది.

"అక్కా, చెయ్యి లేచేదాక ఆగు."

"ఎందుకాగాలె? నేను ఖాళీగనే ఉన్న గదా!"

"ఇప్పుడు ఖాళీగ ఉన్నవ్. బంతొచ్చేసరికి ఉండవ్."

టేకుమట్ల పిల్ల ఒకసారి కిందికి చూసి, ఆ మాట ఎవరు చెబుతున్నారో కొలిచి, ఏమనుకుందో వెనక్కి వచ్చి నిలబడింది. "ఆగుడంటె పరేషాన్ నాకు," అంది కాలనీ అమ్మాయి. "జర కాళ్లకు బంక రాసుకో," అంది మా పిల్ల. అందరూ నవ్వారు. రెండోసారి చెయ్యి లేచింది, నలుగురూ కదిలారు, టేకుమట్ల పిల్ల చేతిలో బంతి పడేసరికి ఆమె చుట్టూ ఎవరూ లేరు. ఆమె అక్కడ ఒక్కతే ఎందుకుందో తనకే అర్థంకానట్టు ఒక క్షణం ఆగి, తర్వాత వేసింది. మూడోసారి, నాలుగోసారి, ఐదోసారి. ఆరోసారికి పెద్దసార్ చెయ్యి ఎత్తి ఆపాడు.

మెచ్చుకోలేదు. కాగితం విప్పి, "పేరేంది?" అని నన్ను అడిగాడు.

"ఆ పిల్లనే అడగండి సార్."

అడిగాడు. ఆమె చెప్పింది. పన్నెండో పేరు కొట్టేసి, ఆ పక్కన ఈమె పేరు రాశాడు. నేను వంగి, స్పెల్లింగుతో సహా చూసుకుని, కింద సంతకం పెట్టించి, నా ఫోన్లో ఫోటో తీసుకున్నాను. "నమ్మకం లేదా మేడం?" అన్నాడు. లేదన్నాను.

మా పిల్ల నా ఫోన్ అడిగి తీసుకుని కోర్టు అవతలికి నడిచింది. వాళ్లమ్మతో వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది. దూరం నుంచి నాకు 'హాస్టల్' అన్న ఒక్క మాటే తెలిసింది. అది మూడుసార్లు వినబడింది.

భోజనం పళ్లెం పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఒక టీచరు వచ్చి నా ముందు నిలబడింది. నాకంటే వయసులో చిన్నది, ఆకుపచ్చ చుడీదార్. ముఖం ఎర్రబడి ఉంది.

"పన్నెండో పేరు మా పిల్లది మేడం. చదివిన పేరు మీరొచ్చినంక కొట్టేసిన్రు. గిది న్యాయమా?"

"న్యాయం కాదు," అన్నాను. "చదివిన జాబితా మార్చొద్దు. ముందుగాలనే సక్కగ రాసుంటె మీ పిల్లకు ఈ అవమానం ఉండకపోవు."

ఆమె ఈ జవాబు ఊహించలేదు. నేను సంచిలోంచి తెల్ల కాగితం, పెన్ను తీసి ఇచ్చాను. అవి నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి.

"కూసోండి. పైన తారీకు, కుడి పక్కన మీ బడి పేరు రాయండి. ఆడనియ్యకుండ ఎట్ల తీసేసిన్రని అడగండి. మీ పిల్లకు గూడ అదే పరీక్ష పెట్టమని రాయండి."

"మీ పిల్లను తీసెయ్యమని గూడ రాస్త."

"రాయండి. దానిమీద నేను మల్ల రాస్త."

ఆమె నా పక్కన మెట్టు మీద కూర్చుని, కాగితాన్ని మోకాలి మీద సర్దుకుని, రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం మెత్తగా ఉంది. కొట్టేయించాను.